తాత మీసం, బురద భాగం

కత్తెర తాత మీసం మామూలు మీసం కాదు. రెండు పిట్టలు పెదవి మీద ఎదురెదురుగా వాలి, ఎగిరిపోదామా ఉందామా అని మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. బతుకంతా ఊళ్లోవాళ్ల తలలూ గడ్డాలూ దిద్దిన మనిషి, తన మీసం మీద మాత్రం పరాయి కత్తెర నీడ కూడా పడనివ్వలేదు. కొడుకు షాపు అందుకున్నాక కూడా అంతే. “నాన్నా, ఎడమవైపు పిసరంత ఎక్కువైంది, సర్దనా?” అని కొడుకు అడిగితే, “ముందు ఆ కుర్చీలో ఉన్నాయన్ని రెండు చెవులతో ఇంటికి పంపు, తర్వాత నా మీసం సంగతి చూద్దాం” అనేవాడు.

అలాంటి మీసాన్ని తాత ఒక వీడియో గేము మీద పందెం కాశాడు. పోనీ గెలుస్తానని కాశాడా అంటే అదీ కాదు. మనవరాలు నలుగురిలో చెప్పబోయే ఒక్క మాట మీద కాశాడు.

ఆ గేము పేరు అగ్గిదీవి. తుపాకుల ఆట. ఒక దేశమంత నేలని తెర మీద పరిచి, చేతికి తుపాకీ ఇచ్చి, ఇక నీ ఇష్టం పొమ్మంటుంది. కొండెక్కుతానంటే ఎక్కు, ఏరు ఈదుతానంటే ఈదు, శత్రువుల శిబిరం మీద పడతానంటే పడు. అవేవీ వద్దు, జీపేసుకుని షికారు తిరుగుతానన్నా అడిగే నాథుడుండడు. అలాంటివి ఐదు భాగాలు వచ్చాయి. ఒక్కోటి ఒక్కో నేల మీద జరుగుతుంది కాబట్టి, ఆడేవాళ్లు అంకెలు వదిలేసి నేల పేరుతోనే పిలుచుకుంటారు: సముద్రం, ఇసుక, బురద, మంచు, గడ్డి.

వీధి మలుపులో గేములమ్మే షాపు ఒకటుంది. షాపు పెట్టిన రోజు ఏటా తిరిగొచ్చినప్పుడు దాని ఓనరు ఒక వాదన పెడతాడు. ఐదింటిలో ఏది గొప్ప, ఏది దండగ? దాన్ని ‘వరస’ అంటారు. ధైర్యమున్నవాళ్లు లేచి తమ వరస చెప్పాలి, అట్టడుగు నుంచి పైకి, కారణాలతో సహా. ఎవరైనా ‘అబద్ధం’ అని కేకేస్తే అక్కడే కుర్చీలో కూర్చుని తెర మీద చూపించాలి. చూపించలేని మాట చెల్లదు. ఎవరి వరసకి ఎక్కువ చేతులు లేస్తే దాన్ని బోర్డులు రాసే పెయింటరు షాపు గోడ మీద ఆయిల్ పెయింటుతో రాస్తాడు. ఇక ఏడాదంతా దారిన పోయేవాళ్లు ఆ గోడ ముందు ఆగి తిట్టుకోవడమో మెచ్చుకోవడమో చేస్తుంటారు.

నిరుడు గోడెక్కిన వరస అంబులెన్స్ డ్రైవరుది. ఆ డ్రైవరే ఓ పొద్దున గడ్డానికి నురగ పూయించుకుని తాత కొడుకు ముందు కూర్చున్నాడు. తాత పక్క బెంచీ మీద కాలు మీద కాలేసుకుని ఎప్పటిలాగే కోతలు కోస్తున్నాడు.

“బురదలో ఓసారి నా తూటాలన్నీ అయిపోయాయి. ఎదురుగా మొసలి. పరిగెడదామంటే మోకాల్లోతు బురద. ఏం చేస్తాం? ‘కూర్చో’ అన్నాను. కూర్చుంది. గడ్డం గీశాను. మర్యాదగా లేచి నీళ్లలోకి వెళ్లిపోయింది.”

“మొసలికి గడ్డముంటుందా తాతా?” అన్నాడు డ్రైవరు.

“గీశాక ఎలా ఉంటుందిరా?”

డ్రైవరు నవ్వాడు. కొడుకు కత్తి పైకెత్తి, ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. 

“ఇక ఆ జీపు ఉందే,” తాత అందుకున్నాడు, “అది జీపు కాదు, పొగరుబోతు గిత్త. కుడికి ఒకటే లాగుడు. దాన్ని ఈ ఎడమ బొటనవేలొక్కటే లొంగదీసింది.”

మొసలి గడ్డం తర్వాత వచ్చిన జీపు కాబట్టి డ్రైవరు దాన్నీ ఆ గాటనే కట్టేశాడు. తాత చెప్పేవాటిలో ఏది నిజమో ఏది కాదో విడదీసే పని ఆ వీధిలో ఎవరూ పెట్టుకోరు.

“సరేగానీ, ఆదివారం మీ మనవరాలు వరస చెబుతుందటగా?”

“గోడకి సున్నం వేయించి ఉంచమను.”

“పైన ఏది పెడుతుంది?”

“ఇంకేది? బురద!”

“బురదా? దాన్ని పైన పెట్టినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.”

“చూస్తావు. దానికి ఆట నేర్పింది నేను. నేర్పింది బురదలో. నా మనవరాలు నా మాట జవదాటదు. ఆదివారం గోడ మీద బురద పైన లేకపోతే...” తాత చెయ్యి తనంతట తనే మీసం మీదికి వెళ్లింది. “ఈ మీసం తీయించేసుకుంటా. ఇదే కుర్చీలో!”

గడ్డం మీద కత్తి ఆగింది. “నాన్నా!” అన్నాడు కొడుకు. తాతకి తను ఏమన్నాడో అప్పుడు వినబడింది. కానీ అన్నమాట నురగ కాదుగా, తుడిచేయడానికి. మీసం మెలేసి బయటికి నడిచాడు.

*

మనవరాలికి తాత పెట్టిన పేరు బుడంకాయ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఇరవై దాటినా ఆ పేరు పోలేదు. కళ్లజోళ్ల షాపులో అద్దాల్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసే పని తనది. అక్కడ రోజూ ఎవరో ఒకరు వచ్చి కొత్త జోడు బల్ల మీద పడేసి, మసగ్గా ఉందని గొడవ చేస్తారు. “తప్పు కంటిదో, అద్దానిదో ముందు తేల్చుకుందాం, కూర్చోండి” అంటుంది. ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకుని నవ్వుతుంది.

చిన్నప్పుడు మెట్ల కమ్మీ మీద జారబోయి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు వేసుకుని ఇల్లు పీకి పందిరేస్తుంటే, తండ్రి ఎక్కడో పాత గేము మిషను కొనుక్కొచ్చాడు. అందులో ఉన్న ఒకే ఒక్క డిస్కు బురద. ఆడాలంటే కంట్రోలరుకి రెండు చేతులు కావాలి. పిల్లకి ఉన్నది కుడిచెయ్యి. పక్కన కూర్చున్న తాతకేమో ఏళ్ల తరబడి కత్తెర ఆడించి కుడి బొటనవేలు కీలు బిగుసుకుపోయింది, ఎడమది మాత్రం తేలిగ్గా ఆడుతుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంట్రోలరు మధ్యలో పెట్టుకున్నారు. నడక తాతది, గురి పిల్లది.

“ఎడంపక్క, ఎడంపక్క తాతయ్యా!”

“నాకు తెలుసే! నువ్వు ముందు వాణ్ణి కొట్టు!”

“నువ్వు ఆగితేగా కొట్టేది!”

కట్టు విప్పేశారు. చెయ్యి బాగైంది. తర్వాత కొత్త మిషను వచ్చింది, మిగతా నాలుగు భాగాలూ దాని మీదే ఆడారు. పాత మిషను మాత్రం పారేయలేదు. బురద ఆడాలనిపించినప్పుడల్లా దాన్నే దులిపి పెట్టుకునేవారు, ఆ పాత కంట్రోలరుతోనే. ఏది ఆడినా సగం సగమే. ఒంటరిగా ఆడమంటే ఇద్దరికీ అన్నం సగం కంచంలోనే వదిలేసినట్టుండేది.

అందుకే తాతకి బురదంటే ప్రాణం. అందుకే మనవరాలికీ అంతే అనుకున్నాడు. అడగలేదు, అనుకున్నాడు.

శనివారం అడగబోయాడు. “బుడంకాయా, రేపు పైన ఏంటే?”

“రేపు విను తాతయ్యా.”

“కొంచెం చెప్పు, పిసరంత.”

“చెప్పను.”

ఆ గదిలోనే బట్టలు మడతపెడుతున్న నానమ్మకి పందెం సంగతి అప్పటికే చేరింది. మనవరాలు అటు వెళ్లగానే అందుకుంది. “ఆ మీసం కూడా పోతే ఇక ఆ మొహంలో చూడ్డానికేముందండీ? ముక్కా?”

“దానికి చెప్పకు,” అన్నాడు తాత గొంతు తగ్గించి. “తెలిస్తే నా కోసం చెబుతుంది. నా కోసం చెప్పిన మాట నాకెందుకు?”

నానమ్మ మడతపెట్టిన చొక్కాని మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది. ముసలాయన నోటి నుంచి అంత తిన్నని మాట వచ్చి చాలా కాలమైంది మరి.

*

ఆదివారం మధ్యాహ్నం గేముల షాపు కిటకిటలాడింది. ఓనరు బుడంకాయ కోసం ఒక స్టూలు వేశాడు. అది ఎక్కి నిలబడింది. తాత ముందు వరసలో, నానమ్మ పక్కన, మీసానికి మైనం రాసుకుని మరీ కూర్చున్నాడు.

“కింది నుంచి చెబుతాను,” అంది బుడంకాయ. “ఐదో స్థానం, బురద.”

తాత గుండె జారి చెప్పుల్లో పడింది.

“నేను మొదట ఆడింది అదే. నాకు ఇష్టం కూడా. కానీ ఇష్టానికి వరసలో చోటు లేదు. బురదలో సగం ఆట జీపు మీదే. ఆ జీపు కుడికి లాగుతుంది. మన తప్పుకి మనం చావొచ్చు, బండి తప్పుకి చావకూడదు. ఆ ఒక్క దానికి ఐదో స్థానం.”

“అబద్ధం!”

అందరూ వెనక్కి తిరిగారు. అంబులెన్స్ డ్రైవరు లేచి నిలబడ్డాడు. “ఏమ్మా, కుడికి లాగుతుందా? ఆ జీపా? తాడు పట్టి గీసినట్టు వెళ్తుందది! బళ్ల మీద బతికేవాణ్ణి, నాకు తెలీదా? ఈ లాగుడు సంగతి మీ తాత చెబితే మొసలి గడ్డం లాంటిదే అనుకుని నవ్వి ఊరుకున్నాను.”

“తాతయ్య చెప్పలేదు, నేనే చూశాను. పక్కనే కూర్చుని చూశాను.”

“అయితే చూపించు.”

ఓనరు బురద డిస్కు పెట్టాడు. బుడంకాయ స్టూలు దిగి తాత వైపు చూసింది. తాత లేచాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, షాపు కంట్రోలరు మధ్యలో పెట్టుకుని, చెరో సగం పట్టుకున్నారు. వెనకెవరో కిసుక్కుమన్నారు. 

తెర మీద తెలిసిన నేల వచ్చింది. రెల్లుపొదలు, నల్లటి నీళ్లు, గట్టు మీద జీపు. తాత కాళ్లు నేల మీద సర్దుకున్నాడు. గిత్త ఎక్కే మనిషిలా ఒకసారి ఊపిరి పీల్చి, బొటనవేలు ముందుకి తోశాడు, కుడి లాగుడుకి విరుగుడుగా కాస్త ఎడమకి వంచి.

జీపు గట్టు దిగి నేరుగా ఎడమ చెరువులోకి పోయింది. బుడగలు వచ్చాయి.

షాపంతా ఒక్కసారి గొల్లుమంది.

“ఇంకోసారి,” అన్నాడు తాత. ఇంకోసారి కూడా ఎడమ చెరువే. ఈసారి ఒక కొంగ కూడా ఎగిరిపోయింది.

“తాతా, జీపు తోలుతున్నావా, చేపలు పడుతున్నావా?” అని ఎవరో అరిచారు.

డ్రైవరు మాత్రం నవ్వడం మానేశాడు. దగ్గరికి వచ్చి, తాత వేలి వంక కాసేపు చూసి, మెల్లగా అన్నాడు. “తాతా, వేలు వంచకు. ఊరికే ముందుకి నొక్కు. నీది ఇంట్లో ఏ కంట్రోలరు?”

“పాత మిషనుతో వచ్చింది.”

“దాని మీద వేలు పెట్టే పుల్ల అరిగిపోయి ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. నడకలో తెలీదు గానీ బండెక్కితే తెలుస్తుంది. లాగింది జీపు కాదు.”

తాత వేలు తిన్నగా నొక్కాడు. జీపు గట్టు మీద తాడు పట్టి గీసినట్టు వెళ్లింది. మలుపు చెబితే మలుపు తిరిగింది, ఆగమంటే ఆగింది. ఇన్నేళ్లుగా తను లొంగదీసిన పొగరుబోతు గిత్త అసలు గిత్తే కాదు. పాలకోసం వెంటపడే దూడ. దాన్ని ఈ వీధిలో ఎంతమందికి ఎన్నిసార్లు వర్ణించి చెప్పాడో తలుచుకుంటే, తాతకి ఆ చెరువులోకే దిగిపోవాలనిపించింది.

బుడంకాయ కంట్రోలరు వైపు, తర్వాత తెర వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల దించుకోలేదు. మళ్లీ స్టూలెక్కింది.

“రోజూ వందమందికి చెబుతాను, తప్పు కంటిదో అద్దానిదో ముందు చూసుకోమని. మా ఇంట్లో అద్దం వంకరగా ఉంటే, చూసిన దృశ్యాన్ని తిట్టాను. నా మాట చెల్లదు, కొట్టేయండి. వరస మళ్లీ చెబుతాను.”

నవ్వులు ఆగిపోయాయి. వరస మధ్యలో తన మాట తనే కొట్టేసుకున్న మనిషిని ఆ షాపు ఎప్పుడూ చూడలేదు. ఒకసారి నోరు జారాక దాన్నే పట్టుకుని చివరిదాకా పోట్లాడటమే అక్కడి మర్యాద.

తాత గుండె చెప్పుల్లోంచి లేచి మోకాళ్ల దాకా వచ్చింది. జీపు నిర్దోషి. ఇక బురదకి అడ్డమేముంది? పైకి ఎక్కుతుంది!

అదే సమయంలో వెనక నుంచి ఒక గొంతు వినబడింది. “అమ్మాయ్, చూసి చెప్పు! బురద పైకెక్కకపోతే మీ తాత మీసం హుష్‌కాకి! పందెం కాశాడు!”

బుడంకాయ గభాలున తిరిగింది. “తాతయ్యా? మీసమా?”

షాపంతా ఆమె వైపు చూసింది. ఆమె మీసం వైపు చూసింది. చిన్నప్పుడు ఒళ్లో కూర్చుని ఆ రెండు పిట్టల్నీ పట్టుకుని లాగిన చెయ్యి తనది. 

తాత ‘పెట్టవే తల్లీ’ అనొచ్చు. అనక్కర్లేదు కూడా, కాస్త దీనంగా చూస్తే చాలు. ఆ చూపు కళ్లదాకా వచ్చింది కూడా. వచ్చినదాన్ని అక్కడే ఆపి, అరచెయ్యి ఎత్తి మీసం మొత్తం కప్పేసుకున్నాడు.

“నా మొహం చూసి చెప్పకే,” అన్నాడు చేతి వెనక నుంచి. “తెర చూసి చెప్పు.”

బుడంకాయ తెర వైపు తిరిగింది.

“ఐదు, గడ్డి. నేలైతే చాలా ఉంది, చేయడానికి పని లేదు. పెద్ద కంచంలో నాలుగు మెతుకులు. నాలుగు, సముద్రం. అది మొదటిది కాబట్టి గౌరవం ఇవ్వాలి, కానీ శత్రువులు మరీ గుడ్డివాళ్లు, వాళ్ల ముందు చిందులేసినా చూడరు. మూడు, ఇసుక. ఎండమావుల్లో దారి తప్పించడం గొప్ప ఊహ. చివరి పోరు మాత్రం చప్పగా చల్లారిపోయింది.”

ఆగింది. మిగిలినవి మంచు, బురద.

“మీలో చాలామంది తాతయ్య చెప్పే బురద విన్నారు. ఆ బురదలో మొసలి గడ్డం గీయించుకుంటుంది. జీపు గిత్తలా ఎగురుతుంది. దానికైతే కళ్లు మూసుకుని మొదటి స్థానం ఇస్తాను. కానీ అది డిస్కులో లేదు, తాతయ్య నోట్లో ఉంది. నేను డిస్కుకి వరస చెబుతున్నాను. డిస్కులో బురద బాగుంది. రెల్లులో దాక్కుంటే శత్రువు ఊపిరి వినబడుతుంది, అలాంటిది మరే భాగంలోనూ లేదు. కానీ ఏరు దాటాక శిబిరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మంచులో అలా కాదు. అక్కడ మనం వేసిన అడుగు మంచులో ఉండిపోతుంది. మన అడుగు పట్టుకునే వాళ్లు మన వెనకొస్తారు. నడిచేవాడు నడకని కూడా ఆలోచించుకోవాలి. అందుకే మంచు ఒకటి. బురద రెండు.”

వెంట్రుకవాసిలో మీసం పోయింది.

ఓనరు గొంతు పెంచాడు. “ఈ వరసకి చేతులెత్తేవాళ్లు!”

మొదట లేచిన చెయ్యి అంబులెన్స్ డ్రైవరుది. రెండోది చూసి జనం మళ్లీ గొల్లుమన్నారు. తాత ఒక చేత్తో మీసం మూసుకునే, రెండో చెయ్యి నిటారుగా పైకెత్తాడు. నానమ్మ ఆయన మోచెయ్యి కిందకి లాగబోయి, ఏమనుకుందో, తన చెయ్యి కూడా ఎత్తింది. ఆ తర్వాత చేతులు లెక్కపెట్టే పని ఓనరుకి పడలేదు.

“నా మాట జవదాటదన్నావుగా తాతా?” అన్నాడు డ్రైవరు జనం మీదుగా.

తాత మీసం మీద చెయ్యి తీసేశాడు. దాచుకోవడానికి ఇకేం మిగిలింది? “ఎక్కడ దాటిందిరా? తెర చూసి చెప్పమన్నాను. చెప్పింది. చూశావా దాని పొగరు? చేసిన తప్పు ఒప్పుకోడానికి వణకలేదు, తాత మీసం కోసం తలొంచలేదు. నువ్వైతే నిరుడు గడ్డిని పైన పెట్టి ఏడాదంతా ఆ గోడనే పట్టుకు వేలాడావు!”

*

మర్నాడు పొద్దున తాత అదే కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు కత్తి పట్టుకుని చెవి దగ్గరే తచ్చాడాడు.

“చెవి కాదురా, మీసమే,” అన్నాడు తాత. “ధైర్యంగా కానియ్.”

బుడంకాయ పనికి వెళ్లే దారిలో ఆగి, గుమ్మంలో నిలబడింది. “పోనీ సగం ఉంచుకో తాతయ్యా. రెండో స్థానం వచ్చిందిగా.”

“సగం సగం ఆడటానికే. పందేనికి కాదు.”

పిట్టలు రెండూ నేల మీద వాలాయి. తాత అద్దంలో చూసుకున్నాడు. పై పెదవి పుట్టిన పిల్లాడిదిలా తెల్లగా, ఆశ్చర్యపోయినట్టు ఉంది. బుడంకాయ దగ్గరికొచ్చి, కళ్లజోడు సరిచూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “తప్పు అద్దానిది కాదు, ముఖమే అలా ఉంది” అని పరిగెత్తింది. తాత తువ్వాలు విసిరాడు గానీ తగల్లేదు.

ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ తాత చెప్పిందే చెప్పాడు. మధ్యాహ్నానికి ఆయన కథలో గేముల షాపు జనం వందలయ్యారు. సాయంత్రానికి వేలల్లో పడ్డారు. జీపు ఎడమ చెరువులో మునిగి అడుగునున్న మొసలిని లేపింది. ఆ మొసలి తనని గుర్తుపట్టి, గడ్డం పెరిగిందని మొరపెట్టుకుంది. అన్నీ మారాయి గానీ ఒక్క ముక్క మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. స్టూలు మీద నిలబడి మనవరాలు అన్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. ఆ ముక్క దగ్గర తాత కోతలు కోయడం ఎవరూ వినలేదు.

గేముల షాపు గోడ మీద పెయింటరు కొత్త వరస రాశాడు. రాస్తుంటే అంబులెన్స్ డ్రైవరు బండాపి, దగ్గరుండి ఇంకొకటి కూడా గీయించాడు. రెండో స్థానంలో ‘బురద’ అన్న అక్షరాల పక్కన, నల్లరంగుతో, ఎదురెదురుగా వాలిన రెండు పిట్టలు.

అది తెలియని పాత ఖాతాదారుడొకాయన ఊరి నుంచి తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని, బెంచీ మీది మనిషిని ఎగాదిగా చూసి కంగారుపడ్డాడు.

“ఏంటి తాతా ఇది? నీ మీసమేది?”

తాత అలవాటుకొద్దీ పెదవి మీదికి చెయ్యి పోనిచ్చి, అక్కడేమీ లేకపోయినా గాలినే మెలేశాడు.

“గోడ మీదుంది. వెళ్లి చూసిరా.”